పూల మీద వాలే పురుగుల ఫొటోలు: మాక్రో లెన్స్ కొనేముందు చూసుకోవలసినవి

ప్రశ్న ఇదీ: చేతిలో ఏపీఎస్-సి (మధ్యరకం సైజు సెన్సర్ ఉన్న) మిర్రర్‌లెస్ కెమెరా, దాంతోపాటు వచ్చిన 18-55 మిల్లీమీటర్ల జూమ్ లెన్స్ ఉన్నాయి. కుండీల్లో మందారం, బంతి, తులసి, లంటానా పెరుగుతున్నాయి. పూల ఫొటోలు బాగానే వస్తున్నాయి. తేనెటీగో సీతాకోకచిలుకో వాలిందంటే మాత్రం పువ్వు స్పష్టంగా, పురుగు మసగ్గా వస్తోంది. మాక్రో లెన్స్ (చిన్నవాటిని బాగా దగ్గర్నుంచి పెద్దగా తీసే లెన్స్) కొంటే తీరుతుందా, లేక ఫోన్‌తోనే సరిపెట్టుకోవచ్చా?

మాక్రో లెన్స్ కొన్నంతమాత్రాన తీరదు. కొన్న కొత్తలో ఈ బాధ ఇంకాస్త పెరుగుతుంది కూడా. ముందు ఆ మసక ఎక్కణ్ణుంచి వస్తోందో తేల్చుకోండి. పాత ఫొటోలు ఒక ఇరవై తీసి 100 శాతం సైజులో చూడండి. ఫ్రేములో ఎక్కడో ఒకచోట, అంటే వెనక రేకు అంచో ముందున్న కేసరమో పదునుగా ఉండి పురుగు కన్ను మెత్తగా ఉంటే అది ఫోకస్ తప్పు. ఎక్కడా పదును లేక, మెరిసే ప్రతి చుక్కా ఒకే దిక్కుకి చిన్న గీతలా సాగి ఉంటే చేయి కదిలినట్టు. పువ్వూ పురుగూ కలిసి సాగిపోయి, అంతే దూరంలో ఉన్న పక్క కొమ్మ నిలకడగా ఉంటే అది గాలి పని. కాళ్ల కింది రేకు పదునుగానే ఉండి తల, కాళ్లు మాత్రమే చెదిరితే షట్టర్ స్పీడ్ చాల్లేదు. మందు ఒక్కోదానికి ఒక్కోటి. మీరు చెప్పినదాన్ని బట్టి మొదటిదీ చివరిదీ కలిసి ఉన్నాయి, అందులోనూ మొదటిదే ఎక్కువ.

ఇప్పుడు లెక్క. ఏపీఎస్-సి సెన్సర్ వెడల్పు సుమారు 23.5 మిల్లీమీటర్లు. 18-55 లెన్స్‌ని 55 దగ్గర పెట్టి, ఫోకస్ అందినంత దగ్గరికి వెళ్తే కొన్ని మోడళ్లలో 0.3 రెట్ల సైజు వస్తుంది (పురుగు తన అసలు కొలతలో 0.3 వంతుగా సెన్సర్ మీద పడుతుంది). అంటే ఫ్రేములో అడ్డంగా 78 మిల్లీమీటర్ల జాగా పడుతుంది. 12 మిల్లీమీటర్ల తేనెటీగ అందులో ఆరో వంతు కంటే కాస్త తక్కువే. ఇదేం ఫొటో అనిపిస్తుంది గానీ, 24 మెగాపిక్సెల్ ఫైల్లో అది 900 పిక్సెళ్లకు పైనే. క్రాప్ చేసి స్క్రీన్ మీద చూసుకోవడానికి ఎక్కడా లోటుండదు.

అసలు మేలు ఇంకోటుంది. ఎఫ్/8 దగ్గర (ఇది లెన్స్ లోపలి రంధ్రం, అంటే అపర్చర్ కొలత; అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది), 0.3 రెట్ల సైజులో, ఫోకస్ పట్టే లోతు సుమారు నాలుగున్నర మిల్లీమీటర్లు. తేనెటీగ పక్కకి తిరిగి ఉంటే దాదాపు ఒళ్లంతా అందులో పడుతుంది. అదే ఎఫ్/8తో 0.6 రెట్లకి వెళ్తే లోతు 1.4 మిల్లీమీటర్లకి పడిపోతుంది. మాక్రో లెన్స్‌తో 1:1కి, అంటే పురుగు అసలు సైజులోనే సెన్సర్ మీద పడేంత దగ్గరికి వెళ్తే అర మిల్లీమీటరు కంటే కొంచెం ఎక్కువ మిగులుతుంది. తేనెటీగ తల వెడల్పే నాలుగు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది కాబట్టి ఒక కన్ను పట్టితే రెండోది పోతుంది. పోనీ అపర్చర్ బాగా మూసేద్దామంటే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలోంచి వెళ్లే వెలుగు చెదరడం) అడ్డొస్తుంది. 1:1 దగ్గర డయల్ మీద ఎఫ్/16 అని కనిపించినా లెన్స్ పనిచేసేది ఎఫ్/32 లాగా, అప్పుడు ఫొటో అంతా ఒక పొర కప్పినట్టు మెత్తబడుతుంది. అందుకే మొదటి నెలంతా ఉన్న లెన్స్‌తోనే 0.3 దగ్గర తీసి క్రాప్ చేసుకోవడం మేలు. దగ్గరికి వెళ్లడం మన చేతిలోనే ఉంది, లోతు మన చేతిలో లేదు.

లోతు ఇంత తక్కువ కాబట్టి పురుగు వెంట పడి తీయడం కుదరదు. ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. తేనెటీగ ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకి వెళ్తుంటే కెమెరా దాని వెనకే పరిగెత్తుతుంది. ప్రతిసారీ ఫోకస్ దొరికేలోపు అది లేచిపోతుంది. ఒక పువ్వుని ఎంచుకుని, ఫోకస్ సరిచేసుకుని, పురుగు అక్కడికి వచ్చేదాకా ఆగాలి. వస్తుందన్న భరోసా ఏమిటంటే, తేనెటీగ ఒక విహారంలో సాధారణంగా ఒకే జాతి పూలని పట్టుకుని తిరుగుతుంది. తులసి మీద మొదలుపెట్టిందంటే పక్కనే బంతి ఉన్నా తులసే చూసుకుంటుంది. కాబట్టి తులసి మొక్కలో మూడో నాలుగో కంకులు బాగా విచ్చుకున్న వైపు కూర్చుంటే చాలు.

కంకి మీద ఎక్కడ ఫోకస్ పెట్టాలో కూడా ముందే ఊహించవచ్చు. తులసి కంకి కింద నుంచి పైకి విచ్చుకుంటుంది. తేనెటీగ కూడా ఎక్కువసార్లు కింది వరస దగ్గర వాలి మెలికలు తిరుగుతూ పైకి ఎక్కుతుంది. అది కింద వాలగానే మీరు రెండు మూడు వరసల పైన ఫోకస్ పెట్టుకుని ఉండండి, అదే వచ్చి ఫ్రేములో పడుతుంది. రేక బంతి, పొద్దుతిరుగుడు లాంటివాటిలో మధ్య దిమ్మె నిజానికి వందల చిన్న పూల గుంపు. అవి అంచు నుంచి లోపలికి వరసలుగా విచ్చుకుంటాయి. పుప్పొడి తాజాగా రాలే వరస ఒక పసుపు వలయంలా కనిపిస్తుంది. తేనెటీగ ఆ వలయం మీదే చుట్టూ తిరుగుతుంది కాబట్టి ఫోకస్ దిమ్మె మధ్యలో కాకుండా ఆ వలయం మీద ఉండాలి, మీకు దగ్గరగా ఉన్న అంచున.

లంటానా గుత్తిలో రంగులు మారే రకమైతే ఇంకా తేలిక. కొత్తగా విచ్చినవి పసుపు, పాతబడ్డవి నారింజ లేదా ఎరుపు. గుత్తి అంచు నుంచి లోపలికి విచ్చుకుంటుంది గనక పసుపువి మధ్యలో ఉంటాయి. మకరందం ఉండేది వాటిలోనే, సీతాకోకచిలుక తొండం దిగేదీ వాటిలోనే. మధ్యలో ఉన్న పసుపు పువ్వుకి ఒక సెంటీమీటరు పైన కన్ను ఉంటుందని లెక్క వేసుకుని ఫోకస్ పెట్టుకోండి. సీతాకోకచిలుక వాలగానే ముందుకు జరగకండి. తొండం చాపి, ఒక పువ్వులో దించి, రెండో పువ్వుకి మారేదాకా ఆగండి. తాగడంలో పడ్డాక అది మనిషిని అంతగా పట్టించుకోదు. వాలిన మొదటి రెండు సెకన్లలోనే బెదురు ఎక్కువ.

మొక్క ఎంపిక కూడా ఫొటోలో భాగమే. ముద్ద బంతి, ముద్ద మందారం చూడ్డానికి నిండుగా ఉంటాయి గానీ ముద్ద రకాల్లో కేసరాలు, లోపలి చిన్న పూలు చాలావరకు రేకులుగా మారిపోయి ఉంటాయి. పుప్పొడి తక్కువ, లోపలికి దారీ సరిగా ఉండదు. పురుగుల కోసమైతే రేక రకాలే పెట్టుకోండి. తులసి కంకులు తుంచేయకుండా వదిలేయండి. కొత్తిమీర పూతకి వస్తే పీకేయకండి, ఆ తెల్లటి గొడుగుల మీద చిన్న ఈగలు, చిన్న తేనెటీగలు విడవకుండా వాలతాయి. ఇంకోటి, పేనుబంక పట్టిన కొమ్మ కనిపించగానే మందు కొట్టకండి. దాన్ని తినడానికే అక్షింతల పురుగులు వస్తాయి, అవి పూల మీది తేనెటీగల కంటే చాలా నిదానంగా కదిలే మోడళ్లు.

వేళ సంగతి. పొద్దున్నే గాలి తక్కువ, వెలుగు మెత్తన. పురుగుల ఒంట్లో ఇంకా వేడి పుట్టదు కాబట్టి కదలికా తక్కువే. కొన్ని ఒంటరి తేనెటీగల్లో మగవి రాత్రి ఎండుపుల్లని దవడలతో కరిచిపట్టుకుని నిద్రపోతాయి. తెల్లారగట్ల వెతికితే వరసగా వేలాడుతూ దొరుకుతాయి. సీతాకోకచిలుకలు ఎండపొడ పడగానే రెక్కలు పరిచి కాచుకుంటాయి, రెక్కల పైభాగం తీయాలంటే అదే సమయం. ఎండ ముదిరాక చాలా రకాలు రెక్కలు మూసే వాలతాయి, అప్పుడు పక్క నుంచి. పూలకీ వాటి వేళలున్నాయి. గుమ్మడి పువ్వు తెల్లవారే వేళకి విచ్చుకుని పొద్దెక్కేసరికి ముడుచుకుంటుంది. బీర, సొర సాయంత్రం విచ్చుకుంటాయి. చంద్రకాంత మధ్యాహ్నం దాటాకే. చీకటి పడే వేళ పొడవాటి గొట్టం పూల దగ్గర గాల్లో నిలబడి తాగే పెద్ద రెక్కలపురుగులు ఫ్లాష్ లేకుండా దొరకవు.

ఇక నిలబడే కోణం. పదును పట్టేది ఒక పలచటి పొరలో. ఆ పొర సెన్సర్‌కి సమాంతరంగా ఉంటుంది. పురుగు ఒంట్లో ఏ భాగాన్ని ఆ పొరలో పెట్టాలన్నదే అసలు ప్రశ్న. రెక్కలు మూసిన సీతాకోకచిలుకైతే కెమెరా వెనక భాగం రెక్కకి సరిగ్గా సమాంతరంగా ఉండాలి. కన్నూ రెక్క చివరా రెండూ పదునుగా రావాలంటే ఇదొక్కటే దారి. కాస్త ఓరగా ఉన్నారేమో తెలుసుకోవాలంటే రెక్కల అంచు చూడండి. మీ వైపు రెక్కతో పాటు వెనక రెక్క కూడా మందంగా కనిపిస్తోందంటే మీరు పక్కకి జరగాలి. తేనెటీగ తల ముందు నుంచి తీసేటప్పుడు ఒళ్లంతా కుదరదు, కళ్లు రెండూ పట్టి మిగతాది వదిలేయండి. కన్ను పదునుగా ఉంటే మిగతా మసకని చూసేవాళ్లు క్షమిస్తారు. వీపు పదునుగా ఉండి కన్ను మసగ్గా ఉన్న ఫొటోని ఎవరూ క్షమించరు.

పై నుంచి కిందికి నిలబడి తీయడం మానేయండి. పువ్వు ఎత్తుకి దిగితే వెనక మట్టి, కుండీ అంచు తప్పుకుని దూరంలో ఉన్న ఆకుపచ్చ వస్తుంది. రెండు అంగుళాలు పక్కకి జరిగితే నేపథ్యం మొత్తం మారిపోతుంది. షట్టర్ నొక్కేముందు ఒక్కసారి ఫ్రేము నాలుగు మూలలూ చూసుకోండి. టమాటా, వంకాయ పూలు తల వంచుకుని ఉంటాయి, వాటికి ఇంకా కిందికి, దాదాపు నేల మీదికి దిగాలి. ఆ పూల మీద కొన్ని ఒంటరి తేనెటీగలు కేసరాల గొట్టాన్ని పట్టుకుని వేలాడి, ఒళ్లు వంచి ఝుమ్మని కంపించి పుప్పొడి రాలుస్తాయి. ఆ ధ్వని వినగానే నొక్కాలి, రెండు సెకన్లు కూడా ఉండదు. మామూలు తేనెటీగలకి ఈ విద్య రాదు. నల్లటి పెద్ద తుమ్మెద అయితే గొట్టం పూల దగ్గర మొహం పెట్టాల్సిన చోట పెట్టకుండా పువ్వు మొదట్లో చీలిక చేసి మకరందం దొంగిలిస్తుంది. పువ్వు నోటి మీద ఫోకస్ పెట్టి ఎదురుచూస్తే దాని వెనక కాళ్లే వస్తాయి. మొదటి రెండు వాలడాలు ఊరికే చూసి, తర్వాత ఫోకస్ పెట్టుకోండి.

సెట్టింగులు మొదలుపెట్టడానికి:

ఎండలో, ఫ్లాష్ లేకుండా: మాన్యువల్ మోడ్, ఎఫ్/8, షట్టర్ 1/1000 సెకను, ఐఎస్ఓ (సెన్సర్ వెలుగుకి స్పందించే స్థాయి) ఆటో. 400 నుంచి 1000 మధ్య తిరుగుతుంది, దానివల్ల వచ్చే నాయిజ్‌కి (గరుకు చుక్కలకి) భయపడక్కర్లేదు.
నీడలో, పొద్దున్నే కదలని పురుగు: ఎఫ్/8, 1/250, ఐఎస్ఓ 1600 దాకా.
ఫ్లాష్‌తో: ఎఫ్/11, 1/200, ఐఎస్ఓ 200, ఫ్లాష్ మాన్యువల్‌లో 1/16 పవర్.

0.3 రెట్ల దాకా చిన్న పాయింట్ ఆటోఫోకస్, కంటిన్యుయస్ మోడ్ బాగానే పనిచేస్తాయి. పాయింట్ పెద్దదైతే అది పురుగుని వదిలేసి రేకు అంచుని పట్టుకుంటుంది. మీకు జరుగుతున్నది చాలావరకు ఇదే. 0.5 దాటాక ఆటోఫోకస్ కట్టేయండి. లెన్స్ రింగుని ఒకచోట ఉంచేసి, నడుము నుంచి ముందుకి మెల్లగా ఒరగండి. ఫోకస్ పొర పురుగు మీసాల మీదుగా కంటి మీదికి వచ్చేటప్పుడు వరసగా ఐదారు ఫొటోలు తీసి, కంటిని దాటేదాకా అలాగే ఒరగండి. ఒకటి తగులుతుంది. ఒకటే తీసి సరిగా వచ్చిందా అని వెనక్కి చూసుకునేలోపు పురుగు ఉండదు. మోచేతులు మోకాళ్ల మీదో ఒంటికి ఆనించో పెట్టుకోండి. స్టెబిలైజేషన్‌ని ఇక్కడ నమ్ముకోకండి. అది కెమెరా వంగడాన్ని సరిచేస్తుంది గానీ, ఇంత దగ్గర్లో మసక తెచ్చేది ఒళ్లు ముందుకీ వెనక్కీ, పక్కకీ ఊగడం.

పొద్దున్నే మందకొడిగా ఉన్న పురుగులకి ఒక ఉపాయం ఉంది. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలుతో కాడని పురుగుకి బాగా దిగువన పట్టుకుని, అదే చేతి మీద లెన్స్ ముందుభాగం ఆనించండి. ఇక గాలికి కాడ ఊగినా లెన్స్ కూడా దాంతోనే ఊగుతుంది. మధ్యదూరం మారదు. ఫోకస్‌ని వేళ్లు ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందుకీ వెనక్కీ జరిపి సరిచేసుకోవచ్చు. గులాబీ కొమ్మకి ఈ పద్ధతి వద్దని వేరే చెప్పక్కర్లేదు.

తేనెటీగ రెక్కలు ఆగినట్టు రావాలంటే 1/4000 పెడితే చాలదా అని చాలామంది అనుకుంటారు. తేనెటీగ సెకనుకి 230 సార్లు రెక్క కొడుతుంది. తొమ్మిది మిల్లీమీటర్ల రెక్క ప్రతి కొట్టులో దాదాపు 90 డిగ్రీలు ఊగుతుంది. అంటే రెక్క కొస సగటున సెకనుకి ఆరున్నర మీటర్లు ప్రయాణిస్తోంది. 1/4000 సెకనులో అది 1.6 మిల్లీమీటర్లు జరుగుతుంది, కాబట్టి మసకే. 1/20000 దగ్గర 0.3 మిల్లీమీటర్లకి వస్తుంది. ఆ వేగం మామూలు ఫ్లాష్ ఇవ్వగలదు. ఫ్లాష్ పవర్ తగ్గించేకొద్దీ వెలుగు ఉండే సమయం కూడా తగ్గుతుంది. ఫుల్ పవర్‌లో సుమారు 1/1000 సెకను వెలిగేది, 1/32 దగ్గర చాలా మోడళ్లలో 1/10000 కంటే చిన్న మెరుపు అవుతుంది. అందుకే ఫ్లాష్‌ని పువ్వుకి దగ్గరగా పెట్టి పవర్ తక్కువలో వాడాలి. హైస్పీడ్ సింక్ పెడితే ఈ లాభం పోతుంది. అందులో ఫ్లాష్ ఒక్క మెరుపుగా కాకుండా చిన్నచిన్న మెరుపుల గొలుసుగా ఎక్కువసేపు వెలుగుతుంది. ఎలక్ట్రానిక్ షట్టర్ కూడా వద్దు, చాలా కెమెరాల్లో రెక్కలు వంకర్లు పోయి వస్తాయి. అయితే రెక్కలు కొంచెం మసకబారితేనే ఎగురుతున్నట్టు ఉంటుందన్న వాదనా ఉంది, అదీ నిజమే. కన్ను పదునుగా ఉంటే రెక్కల మసక తప్పు కాదు.

ఫ్లాష్‌ని నేరుగా కొడితే తుమ్మెద ఒంటి మీద, అక్షింతల పురుగు వీపు మీద తెల్లటి కాలిన మచ్చ వస్తుంది. డిఫ్యూజర్ (వెలుగుని మెత్తబరిచే తెర) తప్పనిసరి. దళసరి తెల్ల కాగితమో పలచటి ఫోమ్ షీటో ఫ్లాష్ నుంచి లెన్స్ ముందు అంచు దాకా పందిరిలా వంచి రబ్బరు బ్యాండుతో కట్టండి. దాని కింది అంచు లెన్స్‌కి సరిగ్గా పైన ఉండాలి. పురుగు నుంచి 15 సెంటీమీటర్ల దూరంలో ఉంటే డిఫ్యూజర్ వెడల్పు కూడా కనీసం 15 సెంటీమీటర్లు ఉండాలి, అప్పుడే వెలుగు మెత్తగా చుట్టుకుంటుంది. లెన్స్ హుడ్ తీసేయండి. కెమెరాలో ఉండే పైకి లేచే ఫ్లాష్‌తో ఇంత దగ్గర్లో లెన్స్ నీడే ఫొటో కింద అర్ధచంద్రాకారంలో పడుతుంది. ఈ పందిరి దానికీ మందే. ఇక నేపథ్యం నల్లబడటం. ఫ్లాష్ వెలుగు దూరం రెట్టింపైతే నాలుగో వంతుకి తగ్గిపోతుంది గనక రెండడుగుల వెనకున్న ఆకులు చీకట్లో కలిసిపోతాయి. ఐఎస్ఓ 800కి పెంచి, షట్టర్ 1/125కి దించి, ఫ్లాష్ పవర్ తగ్గిస్తే పగటి వెలుగు కూడా ఫొటోలోకి వస్తుంది. లేదా పువ్వు వెనక ఒక జానెడు దూరంలో ఒక పెద్ద ఆకు ఉండేలా కోణం మార్చుకోండి.

నెల తర్వాత ఇంకా దగ్గరికి వెళ్లాలనిపిస్తే మొదట మీ 18-55కి ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ (కెమెరాకీ లెన్స్‌కీ మధ్య బిగించే ఖాళీ గొట్టం) చాలు. లెక్క సులువు. ట్యూబ్ పొడవుని ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ మీది 18, 55 లాంటి మిల్లీమీటర్ల అంకెతో) భాగిస్తే అదనంగా వచ్చే సైజు తెలుస్తుంది. 16 మిల్లీమీటర్ల ట్యూబ్ 55 దగ్గర సుమారు 0.29 కలుపుతుంది, మొత్తం 0.6 దాకా వస్తుంది. అందులో అద్దం ఏమీ ఉండదు కాబట్టి పాడయ్యేది లేదు. ఒక్కటి చూసుకోవాలి, కెమెరాకీ లెన్స్‌కీ మధ్య విద్యుత్ కాంటాక్టులు ఉన్నదే తీసుకోండి. అవి లేకపోతే అపర్చర్ మార్చడం కుదరదు, ఫోకస్ మోటారూ కదలదు. ట్యూబ్ పెట్టాక దూరపువి ఫోకస్ కావు, వెలుగు ఒక స్టాప్ పైచిలుకు, అంటే సగానికి పైగా తగ్గుతుంది. 18 దగ్గరికి జూమ్ తిప్పితే ఫోకస్ దాదాపు లెన్స్ అద్దం మీదికే వచ్చేస్తుంది. అది పాడైందేమో అనుకోకండి, 55 దగ్గరే వాడండి.

అదే మీ దగ్గర 55-200 లాంటి పొడవు జూమ్ ఉంటే ట్యూబ్ వద్దు, ముందు బిగించే క్లోజప్ లెన్స్ తీసుకోండి. +4 డయాప్టర్ (అద్దం పవర్) అంటే దాని ఫోకల్ లెంగ్త్ 250 మిల్లీమీటర్లు. 200 దగ్గర పెడితే 200/250, అంటే 0.8 రెట్లు, అదీ పురుగుకి పాతిక సెంటీమీటర్ల దూరంలో ఉండి. బెదిరే సీతాకోకచిలుకలకి ఈ దూరం బంగారం. 55 దగ్గర అదే అద్దం 0.22 మాత్రమే ఇస్తుంది, డబ్బు దండగ. ఒకే గాజు బిళ్లతో చేసినవి అంచుల్లో ఊదా గీతలు తెస్తాయి. రెండు మూడు బిళ్లలు కలిపి చేసిన ఆక్రోమాట్ రకమే కొనండి. రేనాక్స్ డీసీఆర్-150 ఈ రకంలో +4.8 ఉంటుంది. డీసీఆర్-250 అయితే +8, దాంతో పురుగుకి పన్నెండు సెంటీమీటర్ల దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది, మొదట కొనాల్సింది అది కాదు.

మాక్రో లెన్సే కొనాలని నిశ్చయించుకుంటే పురుగులకి 90 నుంచి 105 మిల్లీమీటర్ల మధ్యది తీసుకోండి. 1:1 దగ్గర అద్దానికీ పురుగుకీ మధ్య సుమారు 13 నుంచి 15 సెంటీమీటర్లు మిగులుతుంది. 50, 60 రకాల్లో పది సెంటీమీటర్లు కూడా మిగలవు, లెన్స్ నీడ పురుగు మీదే పడుతుంది. పూలకే అయితే అవి చాలు.

ఫోన్ సంగతి. దగ్గరికి వెళ్లగానే చాలా ఫోన్లు చెప్పకుండా అల్ట్రావైడ్ కెమెరాకి మారిపోతాయి. రెండు మూడు సెంటీమీటర్ల దూరం నుంచి తీయాలి, ఫోన్ నీడ పడుతుంది, పురుగు లేచిపోతుంది. ఆ ఆటోమేటిక్ మార్పుని ఆపేసి, 2ఎక్స్ లేదా 3ఎక్స్ కెమెరాతో ఫోకస్ అందే దూరంలో ఉండి తీసి క్రాప్ చేయండి. విడిగా 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరా ఉన్న ఫోనైతే దాన్ని మర్చిపోండి, మెయిన్ కెమెరా క్రాపే నయం. పువ్వు మీద వేలు నొక్కిపట్టి ఫోకస్ లాక్ చేసి, వెలుగు కాస్త తగ్గించి, ఇక ఫోన్‌నే ముందుకీ వెనక్కీ జరపండి. పోర్ట్రెయిట్ మోడ్ వద్దు. కృత్రిమ మసకకి మీసాలూ సన్నటి కాళ్లూ తెగిపోతాయి. కదిలే పురుగుకి 4కే వీడియో తీసి ఫ్రేము లాగడం కూడా మంచి పద్ధతే, ఒక్కో ఫ్రేము 8 మెగాపిక్సెళ్లు ఉంటుంది.

పూల వరకే చెప్పాలంటే రంగుల్లో రెండు చిక్కులు. ఎర్ర మందారం రేకులు ఒక్కోసారి ఈనెలు, ముడతలు ఏమీ లేకుండా ఒకే ఎర్ర ముద్దలా వస్తాయి. ఎరుపు చానెల్ నిండిపోయింది కాబట్టి. మామూలు హిస్టోగ్రాం (ఫొటోలో వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్) బాగానే ఉన్నట్టు చూపిస్తుంది, విడి రంగుల హిస్టోగ్రాం పెట్టుకుని ఎరుపు కుడిగోడకి తగలకుండా ఎక్స్‌పోజర్ 2/3 నుంచి ఒక స్టాప్ తగ్గించండి. రా ఫైలు (కెమెరా సవరించని అసలు డేటా) తీయండి. పిక్చర్ స్టైల్ న్యూట్రల్‌లో ఉంచితే కెమెరా చూపే హిస్టోగ్రాం నిజానికి దగ్గరగా ఉంటుంది. తెల్ల పువ్వు ఫ్రేము నిండితే దీనికి తిరగేసి, మీటరు దాన్ని బూడిద రంగు చేస్తుంది కాబట్టి +2/3 ఇవ్వాలి. నల్ల తుమ్మెద ఫ్రేము నిండితే -2/3.

ఒక్క పువ్వు లోపలంతా పదునుగా కావాలంటే ఫోకస్ స్టాకింగ్, అంటే ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ తీసిన ఫొటోలని ఒకటిగా కలపడం. గాలి లేని వేళ, ట్రైపాడ్ మీద, కాడకి దుస్తుల క్లిప్పు కట్టిన గట్టి తీగ ఊతంగా పెట్టండి. ఎఫ్/5.6, సగం సైజు దగ్గర ఒక్క ఫొటోకి లోతు సుమారు 1.3 మిల్లీమీటర్లు. ఒకదాని మీద ఒకటి మూడో వంతు పడేలా 0.9 మిల్లీమీటర్ల చొప్పున జరిపితే, రెండు సెంటీమీటర్ల లోతున్న పువ్వుకి 22, 23 ఫొటోలు. హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్, ఫొటోషాప్ సాఫ్ట్‌వేర్లలో ఏదైనా కలుపుతుంది. కలిపాక కేసరాల చుట్టూ తెల్లటి పొగలాంటి అంచు కనిపిస్తే మధ్యలో గాలి వీచిందో, వెనక రేకుకీ కేసరానికీ మధ్య అంతరం ఎక్కువైందో అయి ఉంటుంది. ఆ చోట ఒకే ఫొటో నుంచి తెచ్చి అతికించాలి. కదిలే పురుగుతో ఇది కుదరదు, ఆ శ్రమ పడకండి.

చేయకూడనివి కొన్ని. పురుగుని ఫ్రిజ్‌లో పెట్టి తెచ్చి పువ్వు మీద వాల్చడం కొందరు చెప్తారు. ఆ ఫొటోలో కాళ్లు ముడుచుకుని, మీసాలు వాలిపోయి ఉంటాయి, తెలిసినవాళ్లకి చూడగానే తెలిసిపోతుంది. పురుగుకి ప్రాణాపాయం కూడా. పువ్వు మీద తేనె నీళ్లో చక్కెర నీళ్లో చల్లితే చీమలు ముందొస్తాయి, రేకులు జిగటగా మెరుస్తాయి. మంచుబిందువుల కోసం స్ప్రే కొట్టాలంటే ఒట్టి పువ్వు మీదే కొట్టండి. తేనెటీగ మొహానికి దగ్గరగా ఊపిరి వదలకండి, ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ దాన్ని రెచ్చగొడుతుంది. మీ నీడ పువ్వు మీద పడకుండా, పక్క నుంచి అడ్డంగా కాకుండా నేరుగా, నెమ్మదిగా దగ్గరవండి. పక్కకి అడ్డంగా కదిలే ఆకారాన్నే అవి ముందు పసిగడతాయి. కుట్టినప్పుడు ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరి ఆడకపోవడం లాంటివి ఇదివరకు వచ్చినవాళ్లు తేనెతెట్టె దగ్గరికి వెళ్లే పనే పెట్టుకోవద్దు.

తీసిన పురుగు పేరు తెలుసుకోవాలంటే అందమైన ఒక్క ఫొటో చాలదు. పక్క నుంచి ఒకటి, వీపు కనిపించేలా పై నుంచి ఒకటి, మొహం ఒకటి, రెక్కల ఈనెలు తెలిసేలా ఒకటి తీసిపెట్టుకోండి. ముందుగా రెక్కలు లెక్కపెట్టండి. తేనెటీగలా పసుపు, నలుపు చారలుండి రెండే రెక్కలు, పొట్టి మీసాలు, మొహం నిండా కళ్లు ఉంటే అది సిర్ఫిడ్ ఈగ, కుట్టదు. గాల్లో ఒకేచోట సెకనో రెండు సెకన్లో నిలబడుతుంది, బెదిరి లేచినా చాలాసార్లు అదే చోటికి తిరిగొస్తుంది. ఎగిరే పురుగుని పట్టడం నేర్చుకోవడానికి ముందు దానితోనే మొదలుపెట్టండి.